కుంటే కుక్కకు కొల్లాజెన్: సీసానా.. పొడా?

ముత్తుకూరు: జిల్లా తీరప్రాంతంలో రొయ్యల గుంటల గట్టు మీదకు రాత్రివేళ కొత్త మనిషి అడుగుపెడితే ముందుగా అడ్డుకునేది కాపలాదారు కాదు, ఆయన పక్కన పడుకున్న కుక్క. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో 1990వ దశకంలో టైగర్ రొయ్య సాగు విస్తరించింది. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి గుంటల రూపురేఖలు మారాయి. కాపలా కుక్క మాత్రం మారలేదు. దొంగలను, వాలే పక్షులను, నీటికుక్కలను తరిమే ఈ జాగిలాలకూ వయసు మీద పడుతుంది. ఎనిమిదేళ్లు, పదేళ్లు గట్ల వెంట పరుగులు తీసిన కుక్క ఒకనాటి ఉదయం లేవడానికి తంటాలు పడుతుంది, వెనుక కాలు ఈడుస్తుంది. నెల్లూరు నగరంలో మేడల్లో పెరుగుతున్న లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్ జాగిలాలదీ అదే స్థితి.

యజమాని దుకాణానికి వెళ్తే కీళ్ల కోసమంటూ కొల్లాజెన్ చూపిస్తారు. ఒక పక్క సీసాలో ద్రవం, మరో పక్క డబ్బాలో పొడి. ద్రవమైతే త్వరగా ఒంటబడుతుందని ఒకరంటే, పొడే అసలు సరుకని మరొకరంటారు. ధరల్లో వ్యత్యాసం చూస్తే సామాన్యుడికి అయోమయమే మిగులుతోంది. రెండింటిలో ఏది మేలన్న ప్రశ్నకు సమాధానం ఉంది. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: కుక్క ఎందుకు కుంటుతోంది? రెండో ప్రశ్నను వదిలేసి మొదటి దాని వెంట పడినవారే అటు డబ్బును, ఇటు మూగజీవినీ పోగొట్టుకుంటున్నారు.

మోకు.. పీచు.. ముక్కలు

కొల్లాజెన్ అనేది మందు కాదు, మాంసకృత్తు. క్షీరదాల శరీరంలోని మొత్తం మాంసకృత్తుల్లో దాదాపు మూడో వంతు ఇదే. చర్మం, ఎముక, కండను ఎముకతో కలిపే నరపు పట్టీలు, కీళ్ల చివర నున్నగా ఉండే మృదులాస్థి, అన్నింటికీ బిగువునిచ్చేది కొల్లాజెనే. దీని నిర్మాణం మన మత్స్యకారుల మోకును పోలి ఉంటుంది. మూడు పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గట్టి తాడుగా ఏర్పడతాయి. చర్మం, ఎముకల్లో ఉండేదాన్ని మొదటి రకమని, మృదులాస్థిలో ఉండేదాన్ని రెండో రకమని శాస్త్రవేత్తలు వర్గీకరించారు.

ఈ మోకును నీళ్లలో వేసి గంటల తరబడి మరిగిస్తే పురి విడిపోతుంది. దాన్నే జెలటిన్ అంటారు. మేక కాళ్ల సూపు చల్లారాక గిన్నెలో జెల్లీలా గడ్డకట్టేది ఇందువల్లే. పురి విడిన పోగులను ఎంజైముల సాయంతో చిన్న చిన్న ముక్కలుగా తెంపితే అవి కొల్లాజెన్ పెప్టైడ్లు. కొన్ని డబ్బాలపై ‘హైడ్రోలైజ్డ్ కొల్లాజెన్’ అని ఉండేదీ ఇదే. మూల రూపంలో సుమారు 3 లక్షల డాల్టన్ల బరువుండే అణువు ఈ దశకు వచ్చేసరికి కొన్ని వేల డాల్టన్లకు తగ్గుతుంది. చన్నీళ్లలోనూ కరుగుతుంది, చల్లారినా గడ్డకట్టదు. ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. చెంచాడు పొడిని కొద్దిపాటి వేడినీళ్లలో చిక్కగా కలిపి ఫ్రిజ్‌లో ఉంచితే, జెల్లీలా పేరుకుంటే అది జెలటిన్, నీళ్లలాగే ఉంటే పెప్టైడ్. జెలటిన్ చెడ్డదేమీ కాదు. కానీ పెప్టైడ్ ధర పెట్టి జెలటిన్ కొనవలసిన పని లేదు.

పురి విప్పకుండా, మోకును మోకులాగే ఉంచే రకం ఇంకొకటి ఉంది. కోడి రొమ్ము ఎముక చివరనుండే మృదులాస్థి నుంచి తక్కువ ఉష్ణోగ్రతలో దీన్ని తీస్తారు. ‘అన్‌డీనేచర్డ్ టైప్-2’ అని, క్లుప్తంగా యూసీ-2 అని లేబుళ్లపై కనిపిస్తుంది. ఇది పనిచేసే తీరే వేరు. కీళ్లకు ముడిసరుకుగా కాక, పేగుల్లోని రోగనిరోధక కణజాలానికి ‘ఇది మన సొంత పదార్థమే, దీనిపై దాడి వద్దు’ అని అలవాటు చేయడం ద్వారా కీళ్లలో మంటను తగ్గిస్తుందన్నది దీని వెనుక ఉన్న సిద్ధాంతం. అందుకే మోతాదు గ్రాముల్లో కాక మిల్లీగ్రాముల్లో ఉంటుంది. కుక్కలకు సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములు. పొగలు కక్కే అన్నంలో కలిపితే దీని పురి విడిపోయి ప్రయోజనం దెబ్బతింటుంది. గోరువెచ్చగా చల్లారిన తర్వాతే కలపాలి. పెప్టైడ్ పొడికి ఆ పట్టింపు లేదు. ఒక డబ్బాపై 5 గ్రాములని, మరో డబ్బాపై 40 మిల్లీగ్రాములని చూసి రెండో దానిలో మోసం ఉందనుకోవడం పొరపాటు. అవి రెండు వేర్వేరు సరుకులు.

ద్రవమైనా, పొడైనా కడుపులో ఒక్కటే

ద్రవం త్వరగా ఒంటబడుతుందన్న ప్రచారంలో పస తక్కువ. సీసాలో ఉండేది చాలావరకు నీళ్లలో కరిగించిన అదే పెప్టైడ్. పొడిని పులుసు లేని మాంసపు నీళ్లలోనో, మజ్జిగలోనో కలిపిన క్షణంలోనే అదీ ద్రవమవుతుంది. ఏ రూపంలో వెళ్లినా కుక్క కడుపులోని ఆమ్లం, పేగుల్లోని ఎంజైములు దాన్ని అమైనో ఆమ్లాలుగా, రెండు మూడు అమైనో ఆమ్లాల జంటలుగా విడగొట్టాకే రక్తంలోకి పంపుతాయి. కీళ్ల వ్యాధి నెలల తరబడి సాగేది. గుటక వేసిన పదార్థం పావుగంట ముందు జీర్ణమైందా, వెనుక జీర్ణమైందా అన్నదానితో దానికి నిమిత్తం లేదు.

ఇక్కడే మరొక విషయం గమనించాలి. తిన్న కొల్లాజెన్ నేరుగా వెళ్లి అరిగిన మోకాలికి అతుక్కోదు. శరీరం దాన్ని విడగొట్టి, ఎక్కడ అవసరమనుకుంటే అక్కడ వాడుకుంటుంది. పైగా ఇది సంపూర్ణ మాంసకృత్తు కూడా కాదు. ట్రిప్టోఫాన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లం ఇందులో లేదు. ఖరీదైన పొడి వేస్తున్నాం కదా అని గుడ్డు, మాంసం మానేసి వట్టి అన్నం పెడితే కుక్క కండలు కరిగిపోతాయి, కండ కరిగిన కొద్దీ కీలుపై భారం పెరుగుతుంది.

మరి రూపంలో తేడాయే లేదా అంటే ఉంది. అది జీర్ణక్రియలో కాదు, జేబులోనూ నిల్వలోనూ.

లెక్క వేసి చూస్తే..

సీసా ధర, డబ్బా ధర పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఉపయోగం లేదు. పోల్చవలసింది ఒక గ్రాము కొల్లాజెన్‌కు పడే ధరను. ఉదాహరణకు 200 మిల్లీలీటర్ల సీసా రూ.600 అనుకుందాం. 5 మిల్లీలీటర్లలో ఒక గ్రాము కొల్లాజెన్ ఉందని లేబులుపై రాసి ఉంది. అంటే సీసా మొత్తంలో ఉన్నది 40 గ్రాములు, గ్రాము ధర రూ.15. పక్కనే 200 గ్రాముల పొడి డబ్బా రూ.900 అనుకుందాం. మంచి పెప్టైడ్ పొడిలో 90 శాతం వరకు మాంసకృత్తే ఉంటుంది. అంటే 180 గ్రాములు, గ్రాము రూ.5. పాతిక కిలోల కుక్కకు రోజుకు 5 గ్రాములు ఇవ్వదలిస్తే సీసా ఎనిమిది రోజుల్లో ఖాళీ అవుతుంది, డబ్బా 36 రోజులు వస్తుంది. నెలకు సీసా ఖర్చు రూ.2,250, పొడి ఖర్చు రూ.750. చూడ్డానికి చవకగా కనిపించిన సీసా మూడు రెట్లు ఖరీదు! ధరలు ఇక్కడ ఊహించినవే అయినా లెక్క వేసే పద్ధతి మాత్రం ఏ దుకాణంలోనైనా ఇదే. సీసాలో ఎక్కువ భాగం నీళ్లేనని, ఆ నీళ్లకూ రవాణా ఖర్చు మనమే భరిస్తున్నామని మరువరాదు.

కొన్ని సీసాలపై కొల్లాజెన్ ఎన్ని గ్రాములో అసలు రాయరు. ‘కొల్లాజెన్, గ్లూకోసమైన్, విటమిన్ల మిశ్రమం’ అని ఒకే మాటలో తేల్చేస్తారు. అలాంటి సీసాకు గ్రాము ధర లెక్క కట్టే వీలే ఉండదు. దుకాణదారు ఎంత నచ్చజెప్పినా దాన్ని తిరిగి అరలో పెట్టించడమే ఉత్తమం.

సముద్రపు గాలి, రోహిణి ఎండ, ముసురు

నెల్లూరు తీరపు వాతావరణం ఈ రెండు రూపాలకూ పరీక్షే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. సంవత్సరం పొడవునా గాలిలో తేమ. జిల్లాకు ప్రధానంగా వర్షాన్నిచ్చే ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ముసురు పట్టిస్తాయి.

మాంసకృత్తు కరిగి ఉన్న నీళ్లంటే సూక్ష్మజీవులకు సిద్ధంగా వడ్డించిన విస్తరి. సీసా మూత తీసే వరకు ఫర్వాలేదు. తీసిన తర్వాత చాలా ద్రవాలను ఫ్రిజ్‌లోనే ఉంచాలని, నిర్ణీత రోజుల్లోపు వాడేయాలని లేబులుపైనే ఉంటుంది. గుంట గట్టు మీది పాకలో ఏరేటర్లకు కరెంటు ఉంటుంది గానీ ఫ్రిజ్ ఎక్కడిది? రోహిణి కార్తెలో పాక చూరుకు వేలాడదీసిన సీసా నాలుగు రోజులకే వాసన వస్తే ఆశ్చర్యం లేదు. పుల్లటి వాసన, పొంగు, అడుగున తరకలు కనిపిస్తే ధర గురించి ఆలోచించకుండా పారబోయాలి. పాడైన మందు తాగి వాంతులు, విరేచనాలు పట్టుకున్న ముసలి కుక్కను కోలుకునేలా చేయడం కీళ్లనొప్పి కంటే పెద్ద పని.

పొడి ఎండను తట్టుకుంటుంది, తేమను మాత్రం తట్టుకోదు. ముసురు రోజుల్లో మూత వదులుగా ఉంటే గాలిలోని చెమ్మను పీల్చి గడ్డ కడుతుంది. తడి చెంచా పెడితే బూజు పడుతుంది. ఇందుకు విరుగుడు ఇంట్లో ఉప్పుకు, బెల్లానికి పాటించేదే. పెద్ద డబ్బా బదులు చిన్న ప్యాకెట్లు కొనడం, బిగుతు మూత ఉన్న గాజు సీసాలోకి మార్చడం, పొడి చెంచా మాత్రమే వాడటం. గడ్డకట్టినంత మాత్రాన పొడి పాడైనట్లు కాదు. రంగు, వాసన మారితే మాత్రం వాడరాదు. గట్టు మీద కాపలా ఉండే కుక్కకైతే వారానికి సరిపడా పొడిని ఏడు పొట్లాలుగా కట్టి పంపడం సులువైన పని. కాపలాదారు కొలత తప్పే అవకాశం కూడా ఉండదు.

కాబట్టి తీరప్రాంతంలో ఎక్కువ మందికి పొడే నయం. అయితే ద్రవం మేలైన సందర్భాలూ లేకపోలేదు. పళ్లు ఊడి, అన్నం సరిగా తినలేక జావ మాత్రమే నాకే ముసలి కుక్కకు, పొడి వాసన తగిలితే గిన్నె వదిలి వెళ్లే పెంకి కుక్కకు, సిరంజితో దవడ పక్క నుంచి పట్టించవలసిన జబ్బు కుక్కకు ద్రవమే వీలు. మూడు నాలుగు కిలోలుండే పొమెరేనియన్ వంటి చిన్న జాతులకు మోతాదు తక్కువ గనుక సీసా ఖర్చూ భారం కాదు, మిల్లీలీటర్లలో కొలవడమూ తేలిక. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే ఇక అభ్యంతరమేముంది?

లేబులుపై ఈ పేరు కనిపిస్తే కొనవద్దు

మనుషుల కోసం తయారైన కొల్లాజెన్ పొట్లాలు, పానీయాలు ఇప్పుడు పట్టణాల్లోని మందుల దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఇంట్లో అమ్మాయి చర్మం కోసం తెచ్చుకున్నదే కుక్కకూ కొంత వేస్తే పోలేదా అనుకునేవారున్నారు. ఏ రుచీ, తీపీ కలపని వట్టి పెప్టైడ్ పొడి అయితే సాధారణంగా హాని లేదు. రుచి కలిపినవాటితోనే ప్రమాదం. చక్కెర లేదని చెప్పుకునే కొన్ని ఉత్పత్తుల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం వాడతారు. మనుషులకు ఏమీ కాదు. కుక్కకు మాత్రం అది విషం. కడుపులో పడిన కొద్దిసేపట్లోనే ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి రక్తంలో చక్కెర పడిపోతుంది. కుక్క తూలుతుంది, వణుకుతుంది, మూర్ఛపోతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చొప్పున చేరినా ముప్పు మొదలైనట్లే. అంటే పాతిక కిలోల జాగిలానికి రెండున్నర గ్రాములు చాలు. మోతాదు పెరిగితే కాలేయం దెబ్బతింటుంది. లేబులుపై జైలిటాల్ అనిగానీ, బిర్చ్ షుగర్ అనిగానీ ఉంటే ద్రవమైనా పొడైనా ముట్టరాదు. చాక్లెట్ రుచి ఉన్నవీ కుక్కకు పనికిరావు.

మనుషుల కీళ్ల మాత్రల్లో కొల్లాజెన్‌తో పాటు విటమిన్-డి అధిక మోతాదులో కలుపుతుంటారు. అదీ కుక్క మూత్రపిండాలకు చేటు. ఇప్పటికే మూత్రపిండాల జబ్బున్న కుక్కకు ఏ మాంసకృత్తు పొడైనా పశువైద్యుడిని అడిగాకే ఇవ్వాలి. చేప పడని కుక్కకు చేప కొల్లాజెన్, కోడి మాంసం పడని కుక్కకు కోడి కొల్లాజెన్ దురద తెచ్చిపెడతాయి. డబ్బాపై అది దేని నుంచి తీసిందో రాసి ఉందా లేదా చూసుకోవాలన్నది ఇందుకే.

కోడి కాళ్లు, చేప తోలు, రొయ్య పొట్టు

డబ్బా కొనే స్తోమత లేనివారు నిరాశ చెందనక్కరలేదు. కోళ్ల దుకాణంలో చవకగా దొరికే కోడి కాళ్లలో చర్మం, నరాలు, మృదులాస్థి తప్ప మాంసం దాదాపు లేదు. అంటే అది కొల్లాజెన్ మూటే. శుభ్రం చేసిన కాళ్లను మునిగేంత నీళ్లలో సన్నని మంటపై మూడు నాలుగు గంటలు ఉడికించి, లేదా కుక్కర్‌లో మెత్తగా అయ్యే వరకు ఉంచి, వడగట్టి చల్లార్చితే జెల్లీ సిద్ధమవుతుంది. పైన తేలిన కొవ్వును తీసివేయాలి. కొవ్వు ఎక్కువైతే కుక్కల క్లోమ గ్రంథికి వాపు వస్తుంది. ఉప్పు, కారం, మసాలా వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు. అవి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను నాశనం చేస్తాయి. వడగట్టగా మిగిలిన ఎముకలు పారేయాల్సిందే. ఉడికిన ఎముక ముల్లులా చీలి గొంతులోనో, పేగులోనో గుచ్చుకుంటుంది. జెల్లీని ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచవచ్చు, మంచు గడ్డల ట్రేలో పోసి గడ్డకట్టిస్తే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇందులో ఎన్ని గ్రాముల కొల్లాజెన్ ఉందో కొలిచే వీలు లేకపోవడం ఒక్కటే లోపం.

తీరంలో చేపకు కొదవ లేదు. చేప తోలు, పొలుసుల్లోనూ మొదటి రకం కొల్లాజెన్ దండిగా ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేప పొలుసుల నుంచి పెప్టైడ్లు తీసే పద్ధతిని రూపొందించింది. మార్కెట్లో చేప కోసేవారు పక్కన పడేసే తోలును ముళ్లు లేకుండా ఏరి, ఉడికించి పెట్టవచ్చు. పచ్చిగా పెట్టవద్దు. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి-1ను నశింపజేసే ఎంజైము ఉంటుంది, పరాన్నజీవుల బెడద ఉండనే ఉంది. ఎండుచేపలు కుక్కకు ఇష్టమే అయినా వాటిలోని ఉప్పు చేటు తెస్తుంది. మన ఇళ్లలో మిగిలిన చేపల పులుసు అన్నం కుక్క గిన్నెలో కుమ్మరించే ఆచారం గురించి వేరే చెప్పనక్కరలేదు. మనకు రుచినిచ్చే కారం, పులుపు, ఉల్లిపాయ ఆ మూగజీవికి శిక్ష.

తీరంలో తరచూ వినిపించే ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. రొయ్య తలలు, పొట్టులో కొల్లాజెన్ ఉందని, వాటిని ఎండబెట్టి దంచి పెడితే చాలని కొందరి నమ్మకం. రొయ్య పొట్టులో ఉన్నది కైటిన్. పరిశ్రమల్లో దాన్ని ఆమ్లంతో విడగొట్టి గ్లూకోసమైన్ తయారుచేస్తారు. పొట్టును దంచినంత మాత్రాన కైటిన్ గ్లూకోసమైన్‌గా మారదు, కొల్లాజెన్ అంతకంటే కాదు.

ఫలితం ఎంత మేరకు?

విక్రేతల మాటకు, పరిశోధకుల మాటకు మధ్య దూరం చాలానే ఉంది. కీళ్లవాతం ఉన్న కుక్కలపై యూసీ-2ను మూడు నాలుగు నెలల పాటు పరీక్షించిన అధ్యయనాలు 2005, 2007 సంవత్సరాల్లో వెలువడ్డాయి. నొప్పి, కుంటు తగ్గినట్లు అవి తెలిపాయి. కానీ వాటిలో పాల్గొన్న కుక్కల సంఖ్య స్వల్పం. కుక్కలు, పిల్లుల కీళ్లవాతానికి వాడే ప్రత్యేక ఆహారాలు, అనుబంధ పదార్థాలపై అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2022లో వచ్చింది. చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలకు నొప్పి తగ్గించే గుణం స్పష్టంగా ఉందని, కొల్లాజెన్ ప్రభావం బలహీనమని, ఎంతో ప్రాచుర్యంలో ఉన్న గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌ల వల్ల ప్రయోజనం కనిపించలేదని ఆ సమీక్ష తేల్చింది. అంటే కొల్లాజెన్ పూర్తిగా వ్యర్థమనీ కాదు, దానిపైనే ఆధారపడవచ్చనీ కాదు.

మన తీరంలో కవళ్లు, కానాగంతలు వలల్లో పడే చేపలే. ఒమేగా-3 వాటిలో సహజంగా ఉంది. ఉప్పు లేకుండా ఉడికించి, ముళ్లు తీసి పెడితే సీసాపై పెట్టే ఖర్చులో కొంతైనా మిగులుతుంది.

బరువు తగ్గించడం అన్నింటికంటే చవకైన ఉపాయం. 48 లాబ్రడార్ కుక్కలను కూనలుగా ఉన్నప్పటి నుంచి జీవితాంతం పరిశీలించిన ఒక అధ్యయనం ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి. జోడీలోని రెండో కుక్క కంటే 25 శాతం తక్కువ తిండి తిన్న కుక్కలు మధ్యస్థంగా 13 ఏళ్లు, మిగతావి 11.2 ఏళ్లు జీవించాయి. బక్కగా ఉన్నవాటికి కీళ్లవాతమూ ఆలస్యంగా వచ్చింది. కుంటుతున్న స్థూలకాయ కుక్క తన బరువులో ఆరు శాతం తగ్గినా నడకలో మార్పు కనిపిస్తుందని మరో అధ్యయనం తెలిపింది. ముప్పై కిలోల కుక్కకు అది రెండు కిలోలైనా కాదు. ప్రేమకొద్దీ మూడు పూటలా నెయ్యన్నం పెడుతూ, మరోపక్క రూ.వేలు పోసి కొల్లాజెన్ కొంటున్న ఇళ్లు నగరంలో తక్కువేమీ కాదు.

కుంటుకు కారణం కీలే కానక్కరలేదు

కుంటిన ప్రతి కుక్కకూ కీళ్లు అరిగాయనుకోరాదు. తీరప్రాంతంలో పిడుదుల బెడద అధికం. వాటి కాటు ద్వారా సోకే ఎర్లీకియా జ్వరంలో కీళ్లు వాచి, ఈ రోజు ఒక కాలు, రేపు మరో కాలు కుంటుతుంది. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం దీని లక్షణాలు. రక్త పరీక్షతో నిర్ధారించి డాక్సీసైక్లిన్ వాడితే తగ్గే జబ్బిది. కొల్లాజెన్ వేస్తూ నెల రోజులు ఎదురుచూస్తే ప్రాణం మీదకు వస్తుంది. గట్ల మీద నత్తగుల్ల, గాజుపెంకు తెగి పాదంలో దిగబడినా కుంటుతుంది. పరుగులో ఒక్కసారిగా వెనుక కాలు ఎత్తేసిన కుక్కకు మోకాలి పట్టీ తెగి ఉండవచ్చు. ఎదిగే వయసులోని జర్మన్ షెపర్డ్ పిరుదులు ఊపుతూ నడిస్తే అది తుంటి కీలు లోపం కావచ్చు. నిజమైన కీళ్ల అరుగుదలకు ఒక గుర్తు ఉంది. పడుకుని లేచినప్పుడు, చలి ఉదయాల్లో కుంటు ఎక్కువగా ఉండి, నాలుగడుగులు వేశాక కొంత సర్దుకుంటుంది. ఏదైనప్పటికీ తేల్చవలసింది పశువైద్యుడు. మండల కేంద్రాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో ప్రాథమిక పరీక్ష చేయించుకోవచ్చు. పెద్ద సమస్య అనుకుంటే తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లేవారూ ఉన్నారు.

అన్నింటికంటే ఆందోళనకరమైనది మనుషుల నొప్పి మాత్రలు. కుక్క బాధ చూడలేక ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ బిళ్లను అన్నం ముద్దలో పెట్టి మింగించేవారు పల్లెల్లోనూ ఉన్నారు, నగరంలోనూ ఉన్నారు. మొదటి రెండింటితో కుక్క కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది, మూత్రపిండాలు చెడతాయి. మూడోది మోతాదు దాటితే కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. నల్లటి విరేచనం కనిపించేసరికి పరిస్థితి చేయిదాటుతుంది. రాబందులు అంతరించిపోతున్నాయన్న కారణంగా 2006లోనే పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని దేశంలో నిషేధించారన్నది గమనార్హం. కుక్కలకు సురక్షితమైన నొప్పి మందులు వేరే ఉన్నాయి. వాటిని కూడా బరువును బట్టి, రక్త పరీక్ష చూసి వైద్యుడే రాయాలి. నిజంగా నొప్పితో ఉన్న కుక్కకు కావలసింది ముందుగా ఆ మందు. కొల్లాజెన్ దాని పక్కన నిలిచేదే గానీ దాని స్థానంలో నిలిచేది కాదు.

మొదలుపెట్టదలిస్తే ఇలా..

కారణం కీళ్ల అరుగుదలేనని తేలి, బరువు అదుపులో పెట్టాక కొల్లాజెన్ ఇవ్వదలిస్తే మొదటి వారం సగం మోతాదుతో ప్రారంభించాలి. విరేచనం పలచబడకపోతే పూర్తి మోతాదుకు పెంచాలి. అదే సమయంలో చేప నూనె, కొత్త మాత్రలు, కొత్త తిండి అన్నీ ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల గుణం కనిపించిందో తెలియదు. తొలిరోజున కుక్క లేవడం, ఇరవై అడుగులు నడవడం, మెట్టు ఎక్కడం సెల్‌ఫోన్‌లో వీడియో తీసి దాచాలి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు అదే స్థలంలో, అదే వేళకు మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. రోజూ చూసే కంటికి మార్పు ఆనదు. పైగా డబ్బు పెట్టినవారికి లేని మార్పూ కనిపిస్తుంది. వీడియోను ఇంట్లో విషయం తెలియని మరొకరికి చూపించి, ఏది ముందుదో ఏది తర్వాతదో చెప్పమంటే ఇంకా మంచిది. పన్నెండు వారాలకు వారు తేడా చెప్పలేకపోతే ఆ డబ్బా అక్కడితో ఆపి, ఆ నెల సొమ్మును వైద్యుడి వద్ద ఎక్స్‌రేకు వెచ్చించవచ్చు. తేడా ఉంటే కొనసాగించవచ్చు. ముసురు మొదలయ్యేలోపు బిగుతు మూత సీసా ఒకటి సిద్ధం చేసుకోవాలి.